మూడు పాదాల్లో ఒక తిట్టు

మా అత్తగారు బహ్రెయిన్‌లో దిగగానే మొదట తిట్టింది సామాన్ల ట్రాలీని. దాని చక్రమొకటి పక్కకు లాగేస్తోంది. "నీ దుంప తెగ, ఎటు పోతావే" అని మందలిస్తూ, దాన్ని తోసుకుంటూ మా వైపు వచ్చారు. నన్ను చూడగానే ట్రాలీ వదిలేసి నా పొట్ట మీద చెయ్యి వేసి, "ఇంకా దిగలేదా ఈ ముదనష్టపుది" అన్నారు. నాకప్పుడు తొమ్మిదో నెల. ఆవిడ వచ్చింది పురుడు పొయ్యడానికే.

కారులో కూర్చున్నాక కస్టమ్స్ వాళ్ళ సంగతి చెప్పారు. "ఒక కుర్రాడు ఆవకాయ జాడీ మూత తీయించాడురా. నీ చెయ్యి పడిపోను, కారితే చీరలన్నీ పోతాయి, సరిగ్గా బిగించు నాయనా అన్నాను. నవ్వి, గుడ్డతో తుడిచి మరీ బిగించి ఇచ్చాడు. మంచి పిల్లోడు."

మా ఆయన స్టీరింగు మీద తల ఆన్చి నవ్వారు.

నేను పెరిగిన ఇల్లు అలాంటిది కాదు. మా నాన్న తెనాలి దగ్గర ఒక చిన్న ఊళ్ళో పోస్టుమాస్టరు. మా ఇంట్లో అందరికంటే పెద్ద తిట్టు 'పిచ్చిదానా'. అదీ ఏడాదికి ఒకటి రెండుసార్లు, పరీక్షల రోజుల్లో. రాజోలు దగ్గర అత్తవారింటికి కాపురానికి వెళ్ళిన కొత్తలో, పాలు పొంగబెట్టానని అత్తగారు "నీ మొహం మండ" అంటే గదిలోకి వెళ్ళి ఏడ్చాను. మా ఆయన వచ్చి నవ్వారు. "నిన్ను 'ఏమండీ' అంటే అప్పుడు ఏడువు. మా అమ్మ తిట్టిందంటే నువ్వు ఇంట్లో మనిషివైపోయావన్న మాట" అన్నారు. ఆ మాట నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈలోగా ఆయన ఏసీ మెకానిక్కుగా బహ్రెయిన్ రావడం, కొన్నాళ్ళకు నన్నూ తీసుకురావడం అయిపోయాయి.

మేముండేది ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, కింద కోల్డ్ స్టోరు అనే కిరాణా కొట్టు ఉన్న ఒక పాత బిల్డింగులో. మా ఆయన పొద్దున్నే డ్యూటీకి పోతే చీకటి పడ్డాకే రావడం. నేను ఊరి నుంచి ఎవరైనా వస్తూ తెచ్చే వారపత్రికలు అట్ట నుంచి అట్ట దాకా చదువుకుంటూ ఉండేదాన్ని. తొంభైల నడిమి రోజులవి. ఆ పత్రికల్లో అప్పుడప్పుడే హైకూలు ఎక్కువగా వస్తుండేవి. మూడు చిన్న పాదాలు, చుట్టూ బోలెడు తెల్ల కాగితం. మొదట చూసినప్పుడు అచ్చులో మిగతా లైన్లు ఎగిరిపోయాయేమో అనుకున్నాను.

ఒకసారి మా ఆయన హూరాలో ఒక ఫ్లాటుకు ఏసీ బాగు చెయ్యడానికి వెళ్ళారు. ఆ ఇంట్లో అలమార నిండా తెలుగు పుస్తకాలు కనిపించాయట. "మా ఆవిడ కూడా చదువుతుందండి" అన్నారట ఈయన. అలా మాకు మాస్టారు పరిచయమయ్యారు. ఆయనది విజయనగరం వైపు. ఒకప్పుడు తెలుగు పంతులు, బహ్రెయిన్‌లో మాత్రం ఒక సిమెంటు కంపెనీలో లెక్కలు చూసేవారు. అయినా అందరూ మాస్టారు అనే పిలిచేవారు. శుక్రవారం సాయంత్రాలు ఆయనింట్లో ఐదారుగురం చేరి, రాసుకున్న హైకూలు చదువుకునేవాళ్ళం. మాస్టారి భార్య పకోడీలు వేసేవారు. పకోడీల కోసమే వచ్చేవాళ్ళూ ఉండేవారు. మా ఆయన వాళ్ళలో ఒకరు.

మాకు మాస్టారు మొదట చెప్పిన పాఠం ఇది: "చూసింది చెప్పు. వివరించకు. గుమ్మం బయట చెప్పులు విడిచి ఇంట్లోకి వచ్చినట్టు, మాట నెమ్మదిగా రావాలి."

అత్తగారు వచ్చిన వారానికే పాప పుట్టింది. ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి స్నానాల పని ఆవిడదే. బాత్రూములో పీట వేసుకుని, కాళ్ళు చాపి, వాటి మీద పాపను పడుకోబెట్టి నూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు పోసేవారు. తర్వాత సాంబ్రాణి. మొదటిరోజు ఆ పొగ చూసి ఎదురింటి బహ్రెయినీ ఆవిడ తలుపు కొట్టింది, ఏదైనా అంటుకుందేమోనని. సంగతి తెలుసుకుని, మర్నాడు తన ఇంట్లోని ధూపం ఒక డబ్బాలో పోసి పంపింది. మా అత్తగారు వాసన చూసి, "దీని జిమ్మడ, ఎంత బావుందే" అన్నారు.

స్నానం జరిగినంతసేపూ పాపకు తిట్లే. "నీ జిమ్మడిపోనూ, ఎంత ముద్దొస్తున్నావే. నీ మొహం ఈడ్వా, ఆ చూపేంటే. ఒసే గయ్యాళిదానా, చెయ్యి తియ్యవే." మొదట్లో పాప ఏడ్చేది. మూడో నెల వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టింది. తిట్టు వినబడగానే బోసినోరు తెరిచి కాళ్ళు తన్నుకుంటూ నవ్వేది. నేను తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. ఒకరోజు అలా చూస్తూనే నాలో మూడు పాదాలు కుదిరాయి. తువ్వాలు అందించేసి, వంటింట్లో క్యాలెండరు వెనక రాసుకున్నాను.

స్నానాల పీట
నీ జిమ్మడ అంటూ నానమ్మ
పాప బోసినవ్వు

ఆ శుక్రవారం అత్తగారే నన్ను బయటికి తరిమారు. "ఇంట్లో కూర్చుని కూర్చుని నీ మొహం పాలిపోయింది. ఓ గంట వెళ్ళిరా. దీన్ని నేను చూసుకుంటాను." మా ఆయనతో కలిసి హూరా వెళ్ళాను. నా వంతు రాగానే చదివాను. నవ్వారు అందరూ. మాస్టారు మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"చిత్రం చక్కగా వచ్చిందమ్మా. ఆ ఒక్క మాట తీసెయ్యి" అన్నారు.

"తీసేస్తే ఏం మిగులుతుంది మాస్టారూ?"

"పాప నవ్వు మిగులుతుంది."

"పాప నవ్విందే ఆ మాటకి కదండీ."

"'నానమ్మ తిడుతోంది' అను. సరిపోతుంది. తిట్టు ఏమిటో చదివేవాడు ఊహించుకుంటాడు. హైకూలో తిట్టు పెట్టడమంటే, గుళ్ళో అందరూ కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు పళ్ళెం కింద పడేసినట్టు."

మాతో పాటు వచ్చేవాళ్ళలో ఒక డ్రైవరు భాయ్ ఉండేవాడు. జగిత్యాల దగ్గర ముస్లిం కుటుంబం. తెలుగు బడిలో చదువుకున్నాడు, తెలుగులోనే రాసేవాడు. బహ్రెయిన్‌లో ఏళ్ళ తరబడి ఉంటూ కూడా 'నేను దుబాయికొచ్చినప్పుడు' అనే మొదలుపెట్టేవాడు. కర్జకాన్ తోటల నుంచి కూరగాయలు పికప్పులో మనామా మార్కెట్టుకు చేరవెయ్యడం అతని పని. అంతసేపూ విని, అతనడిగాడు.

"సార్, జిమ్మడ అంటే ఏంది? మా దిక్కు ఈ మాట లేదు."

మాస్టారు చెప్పారు. "జిహ్వ పడ, అని అంటారు. నాలుక పడిపోవాలని శాపం."

"పసిపిల్లకు గంత పెద్ద శాపమా" అన్నాడు భాయ్, నిజంగానే బాధపడి.

అది కాదు అర్థం అని ఒకరు, అదే అని ఒకరు. మా వైపు అది తిట్టే కాదని నేను. చర్చ పకోడీల ప్లేటు దాటి టీ దాకా వచ్చినా తేలలేదు. వాదనలో నేనే గెలిచాననుకుని ఇంటికి బయల్దేరాను.

భోజనాల దగ్గర మా ఆయన అదంతా అభినయించి చూపించారు. మాస్టారి కళ్ళద్దాలు, భాయ్ బాధ, అన్నీ. ఆయన నవ్వుతుంటే నేనూ నవ్వాను. అత్తగారి చెయ్యి మాత్రం పళ్ళెంలోనే ఆగిపోయింది.

"నా తిట్టు కాగితమెక్కించావా?" అన్నారు నాతో.

"కవిత అత్తయ్యా. చిన్నది."

ఆవిడ చెయ్యి కడుక్కుని లేచిపోయారు. మర్నాటి నుంచి మా ఇంట్లో తిట్లు ఆగిపోయాయి. పాపను 'అమ్మా, తల్లీ' అంటున్నారు. నన్ను 'అమ్మాయి గారూ, ఉప్పు ఎక్కడుందండీ' అని అడిగారు. ఆ 'అండీ' నాకు చెంపదెబ్బలా తగిలింది. పాపకూ నచ్చలేదు. స్నానం చేయిస్తుంటే నవ్వకుండా, ఎవరి చేతిలోనో ఉన్నట్టు పైకప్పు చూస్తూ పడుకునేది. నాకప్పుడర్థమైంది, నేను ఆ తిట్లకు ఎంత అలవాటు పడ్డానో. అవి లేకపోతే ఇల్లు ఎవరో ఖాళీ చేసి వెళ్ళినట్టుంది.

రెండు మూడు రోజులు చూసి, గోంగూర ఒలుస్తున్నప్పుడు ఆవిడ పక్కన కూర్చున్నాను.

"మిమ్మల్ని చిన్నబుచ్చాలని రాయలేదు అత్తయ్యా. ముచ్చటేసి రాశాను."

"నాకు తెలుసే." ఆవిడ కాడ తుంచి పక్కన పడేశారు. "నలుగురిలో నవ్వులపాలు చేశావని కాదు నా బాధ. నోటితో అన్నది గాలికి పోద్ది. నువ్వు రాసింది ఉండిపోద్ది. రేపు ఇది పెద్దదై, చదువుకుని, ఆ కాగితం చూస్తే ఏమనుకుంటది? అప్పటికి నేనుంటానా? నా గొంతు ఉండదు కదా అందులో. ఉత్త తిట్టే ఉంటది."

ఆవిడ చెప్పింది నిజం. నేను రాసిన దాంట్లో 'నీ జిమ్మడ' ఉంది, ఆవిడ గొంతు లేదు. భాయ్ లాంటి మనిషి, ఆ మాట పుట్టని ఊరి మనిషి, వింటే శాపమనే అనుకున్నాడు. తప్పు అతనిది కాదు.

"అయితే గొంతు కూడా వచ్చేట్టు రాస్తాను" అన్నాను.

"ఎలా రాస్తావు?"

"తెలీదు. ఒకసారి మళ్ళీ అనండి, వింటాను."

"అడిగితే వస్తాయా తిట్లు? పోవే" అన్నారు. ఆ 'పోవే' వినగానే సగం బరువు దిగింది.

మిగతా సగం పావురాలు దించాయి. చలికాలం ఎండ బాగుందని డాబా మీద వడియాలు పెట్టాం. పావురాలు దిగి వరసలు వరసలుగా తినేశాయి. నేను కింద వంటింట్లో ఉన్నాను. పై నుంచి ఆవిడ గొంతు బిల్డింగంతా వినబడింది. "మీ జిమ్మడ, మీ రెక్కలిరగ, మీ కడుపు కాల, మినప్పప్పు ఎంతనుకున్నార్రా ఇక్కడ." కింద కోల్డ్ స్టోరు కుర్రాడు బయటికొచ్చి పైకి చూశాడు. నాకు పండగలా అనిపించింది. ఆవిడ ఖాళీ చాటతో దిగొచ్చి, ఉయ్యాల్లో ఉన్న పాపను చూసి, ఊపిరి పీల్చుకోకుండానే, "నీ జిమ్మడిపోనూ, నిద్ర లేచావటే" అన్నారు. పాప నవ్వింది.

అప్పుడు శ్రద్ధగా విన్నాను. పావురాలను తిట్టినప్పుడు మాట పొట్టిగా, విసిరేసినట్టుంది. పాప దగ్గర అదే మాట సాగింది. చివరి అక్షరం పైకి లేచి, అక్కడ కాసేపు ఊగి, నెమ్మదిగా దిగింది. నేను రాసింది పావురాల తిట్టు. పాపది ఇంకా రాయలేదు.

చాలాసార్లు రాసి కొట్టేశాను. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ పైకే అనుకునేదాన్ని. నోట్లో ఆ తిట్టు అంతసేపు తిప్పడం నా జీవితంలో అదే మొదలు. ఒకసారి మా ఆయన స్నానం చేసి వస్తూ విని, "నన్నా?" అని అడిగారు.

జనవరిలో ఒక శుక్రవారం డ్రైవరు భాయ్ అందర్నీ కర్జకాన్ పిలిచాడు. అతను కూరగాయలు ఎక్కించుకునే తోట యజమాని మంచివాడు, ఖర్జూరం చెట్ల కింద కూర్చుని తినిపొమ్మన్నాడట. అత్తగారు నేనూ వస్తానన్నారు. పులిహోర కలిపారు. మాస్టారి భార్య పకోడీలకు స్టవ్వే తెచ్చారు. భాయ్ ఇంటి నుంచి పెద్ద గిన్నెలో బిర్యానీ వచ్చింది. కాలవలో నీళ్ళు పారుతున్నాయి, సన్నటి చలిగాలి. పాపను చాప మీద పడుకోబెడితే ఆకుల మధ్య వెలుగు చూస్తూ చేతులాడిస్తోంది.

తిన్నాక చదవడం మొదలైంది. భాయ్ ముందు లేచాడు.

"సార్, నాది కూడా తిట్టున్న హైకూనే. ముందే చెప్తున్న."

స్టీరింగు పట్టుకుంటే
నీ అవ్వ
జూలై

మేం కోస్తా వాళ్ళం ఒక్కసారిగా నేల చూపులు చూశాం. మాస్టారి భార్య పకోడీ గరిటె ఆపేశారు. మా అత్తగారే అడిగారు, "ఎవరి అవ్వని బాబూ?"

"ఎవరి అవ్వనూ కాదు పెద్దమ్మా. మా దిక్కు ఊరికే అంటరు. రాయి తగిలితే నీ అవ్వ, వాన పడితే నీ అవ్వ. సంతోషమైనా గంతే. నేను ఎండను అన్న."

"ఓహో, మా దుంప తెగ లాగా" అన్నారు అత్తగారు. ఆవిడకు వెంటనే అర్థమైపోయింది. మాస్టారికి కాలేదు, లేదా కానివ్వలేదు.

"రెండు తప్పులున్నాయి" అన్నారాయన. "ఒకటి, ఆ మాట. రెండు, ఇది జనవరి. హైకూ ఎదురుగా ఉన్నదాన్ని చెప్పాలి. స్వెట్టర్ వేసుకుని జూలైని తిట్టడమేమిటి?"

"నా చెయ్యికి ఇంకా యాదికుంది సార్" అన్నాడు భాయ్, అరచెయ్యి చూపించి. అందరం నవ్వాం. మాస్టారు కూడా నవ్వారు గాని, తల మాత్రం అడ్డంగానే ఊపారు.

తర్వాత నా వంతు. అత్తగారు ఎదురుగానే ఉన్నారు. కాగితం చూడకుండా చదివాను. మొదటి పాదం ఆవిడ అన్నట్టే, చివర సాగదీసి.

నీ జిమ్మడిపోనూ...
నానమ్మ కాళ్ళ మీద పాప
నవ్వు ఆగదు

చాప మీద పాప తల తిప్పి చూసింది. నవ్వింది కూడా. నా గొంతుకు తను నవ్వడం అదే మొదలు.

అత్తగారు "మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. ఆవిడ పెదాలు నాతో పాటు కదిలాయి. "ఇంకాస్త సాగాలే. పోనూ... అని. ఆఖర్న దించాలి, పాపను కిందకి దించినట్టు." ఆవిడ అని చూపించారు. నేను అన్నాను. మాస్టారి భార్య కూడా స్టవ్వు దగ్గర్నుంచి అన్నారు. చెట్ల కింద ముగ్గురం ఆడవాళ్ళం ఒకే తిట్టును తలో రాగంలో అంటుంటే తోటలో పనివాళ్ళు ఇటు తిరిగి చూశారు.

"ఇది తిట్టినట్టు లేదు. నేను ఆడించినట్టే ఉంది" అన్నారు అత్తగారు చివరికి. ఆ మాట విన్నాక నాకింక ఎవరి తీర్పూ అక్కర్లేకపోయింది.

అయినా మాస్టారి వైపు చూశాను. ఉగాదికి మేమందరం కలిసి చేతిరాతతో ఒక పత్రిక తీసుకురావాలనుకున్నాం. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉండేది. ఆయన రాస్తే జిరాక్సులు తీసి పంచుకోవాలని. ఏ హైకూ అందులో పడాలన్నా ఆయన చెయ్యి దాటి వెళ్ళాలి.

మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "నేనిప్పటికీ నా మాట మీదే ఉన్నాను" అన్నారు. "హైకూలో తిట్టుకు చోటు లేదు. ఇది వేస్తాను, ఎందుకంటే ఇది తిట్టు కాదు, లాలి."

"మరి నాది సార్?" అన్నాడు భాయ్.

"నీది తిట్టే."

"మా ఊళ్ళె కాదు సార్."

"అయితే మీ ఊళ్ళో వేయించు."

భాయ్ ఏమాత్రం నొచ్చుకోలేదు. పైగా ఏదో కొత్త ఆలోచన వచ్చినట్టు అతని మొహం వెలిగిపోయింది. మేం గమనించలేదు. పకోడీలు దిగుతున్నాయి.

పత్రిక వచ్చింది. అత్తగారికి పేజీ చూపిస్తే, ఆ మూడు పాదాలూ వేలు పెట్టి కూడబలుక్కుని చదివారు. "నా పేరు వెయ్యలేదు కదా" అన్నారు. లేదు, నానమ్మ అనే ఉందన్నాను. "నానమ్మంటే నేనేగా" అని, కాసేపటికి, "ఉండనీలే" అన్నారు. వీసా గడువు అయిపోయి ఊరికి వెళ్ళేటప్పుడు పత్రికను చీరల మధ్య పెట్టుకున్నారు. ఆవిడ వెళ్ళాక స్నానాల పీట మీద నేను కూర్చున్నాను. తిట్లు నాకు అంత బాగా రాలేదు. పాప మాత్రం ఉదారంగా నవ్వేది.

ఆ జూలైలో ఒక మధ్యాహ్నం మాస్టారు, ఆయన భార్య, మేమూ మా కారులో హూరా వెళ్తున్నాం. ఊరందరి ఏసీలూ బాగు చేసే మా ఆయనకు సొంత కారు ఏసీ చూసుకునే తీరిక ఉండేది కాదు. అద్దాలు దించుకుని, తడిగుడ్డలు మెడ మీద వేసుకుని, ఎర్రలైటు దగ్గర ఆగాం. మా ముందు ఒక పికప్పు. దాని వెనకద్దం మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. బోర్డులు రాసే షాపులో, తెలుగు రాని వాళ్ళ చేత, కాగితం చూపించి కట్ చేయించి ఉంటాడు భాయ్. 'స్టీరింగు'లో ఒక గుడి తిరగబడింది.

పక్క వరసలో ఒక కంపెనీ బస్సు ఆగి ఉంది. కిటికీ దగ్గర ఒకతను అది చదివి, పడీ పడీ నవ్వుతూ వెనక సీటు వాళ్ళను లేపుతున్నాడు. డ్యూటీ దిగి, తలలు వాల్చేసి పోతున్న మనుషులు ఒక్కొక్కరే లేచి, అద్దానికి ముక్కులు ఆన్చి చదివి నవ్వుతున్నారు.

మాస్టారు ముందుకు వంగి చదివారు. చెమట కళ్ళద్దాల మీద కారుతోంది. ఆసరాకి తలుపు మీద పెట్టిన చెయ్యి చురుక్కున కాలి వెనక్కి తీసుకున్నారు. ఆ చేతినే చూసుకుంటూ, నెమ్మదిగా, "స్టీరింగు పట్టుకుంటే" అన్నారు. మధ్య పాదం దగ్గర నోరు తెరిచి, ఒక క్షణం ఆగి, మూసేశారు. "జూలై" అన్నారు.

ఆయన భార్య చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు. మా ఆయన హారన్ కొట్టారు. ముందు పికప్పులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది. దానికి గుడ్డ చుట్టి ఉంది. మాస్టారు తానూ చెయ్యి ఊపారు.

ఆ వారం అందరం చేరినప్పుడు ఆయన నోట ఇక ఆ ప్రస్తావన వస్తుందనే అనుకున్నాం. రాలేదు. భాయ్ అప్పటికే కొత్త హైకూ తెచ్చాడు. అందులో 'ఖలాస్' అనే మాట ఉంది. అరబ్బీ మాట తెలుగు హైకూలో రావచ్చా అని మాస్టారు మొదలుపెట్టారు. మేమందరం రోజుకు ఎన్నిసార్లు ఆ మాట అంటామో భాయ్ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పాప మాస్టారి ఒళ్ళో కూర్చుని ఆయన కళ్ళద్దాలు లాగుతోంది. "ఒసే రాక్షసీ, వదలవే" అన్నారాయన, చర్చ ఆపకుండానే.